వెర్ల్ చేప

లామార్ చేపను తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. కింద పాత పేపరు పరవడం కూడా మరిచిపోయాడు.

“నా కౌంటర్ తడుస్తోంది,” అంది ఆర్డిత్.

“ఇదేం చేపో చెప్పు.”

రిజర్వాయర్ గట్టున గాలాలు, ఎరలు, కాఫీ అమ్మే కొట్టు ఆర్డిత్‌ది. ఆమె ఏదీ ఊరికే ఇవ్వదు, మాటైనా సరే. పేరు తెలియని చేప పడితే అందరూ ఆమె దగ్గరికే తెస్తారు. ఆమె పేరు చెబుతుంది. వాళ్లు కాఫీ కొంటారు. చెల్లుకు చెల్లు.

కళ్లజోడు పెట్టుకుని చేపను తిరగేసింది. మూరెడు పొడవుంది.

“రెయిన్‌బో కాదు,” అంది.

ప్రభుత్వం ట్యాంకర్లలో తెచ్చి ఈ నీళ్లలో వదిలేది రెయిన్‌బో ట్రౌట్ ఒక్కటే. వదిలేముందు వీపు చివరనున్న చిన్న రెక్క కత్తిరిస్తారు. దీనికి ఆ రెక్క ఉంది. అంటే ట్యాంకర్లో వచ్చింది కాదు, ఇక్కడే పుట్టింది.

“బ్రౌన్ ట్రౌట్ అనుకుందామంటే చుక్కల్లేవు. బ్రూక్ అనుకుందామంటే...”

ఆగిపోయింది. బ్రూక్ ట్రౌట్‌కి వీపు మీద మాత్రమే ఉండే వంకర గీతలు దీనికి పొట్టదాకా దిగాయి. ఒళ్లంతా చెద తిన్న చెక్కలా ఉంది.

కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

“ఎవరు పట్టారు?”

“అన్న.”

ఆర్డిత్ చూపు గోడ మీదికి పోయింది. గోడ నిండా పెద్ద చేపలు పట్టినవాళ్ల ఫొటోలు. మధ్యలో ఒక ఖాళీ ఫ్రేము. కింద ‘వెర్ల్ చేప’ అని ఉంది. రాసింది ఆర్డితే.

లామార్ వాళ్ల అన్న వెర్ల్ పదేళ్ల కిందట ఊగిపోతూ ఈ కొట్టులోకి వచ్చాడు. ఒళ్లంతా చారలున్న టైగర్ ట్రౌట్‌ని పడవ పక్కదాకా లాగానని, ఆఖర్న తెంచుకుపోయిందని చెప్పాడు. బ్రౌనూ బ్రూకూ వాగుల్లో జతకడితే ఎప్పుడో ఒకటి పుట్టే చేప అది. అలాంటిది ఈ నీళ్లలో లేదని ఆర్డిత్ అందరి ముందూ నవ్వింది. మర్నాడు ఆ ఫ్రేము తగిలించింది. చూడ్డానికి జనం వచ్చారు, కాఫీలు తాగి పోయారు. చుట్టుపక్కల ఎవరు కోతలు కోసినా ‘వెర్ల్ చేప’ అనడం అలవాటైంది. చర్చిలో కూడా.

తప్పు ఒప్పుకునేదాకా ఆర్డిత్ గడప తొక్కనని వెర్ల్ ఒట్టు పెట్టుకున్నాడు. తొక్కలేదు.

“అయితే మీ అన్న పడవలోనే కూర్చున్నాడా?”

“కూర్చున్నాడు.”

“నిన్ను రాయబారం పంపాడు.”

లామార్ ఒట్టి చొక్కాతో నిలబడి ఉన్నాడు. బయట సన్నగా మంచు రాలుతోంది.

“కోటేదయ్యా?”

“అన్నకిచ్చాను.”

“ఇవ్వడం నీ వంతు, అడగడం వాడి వంతు. ముసలాళ్లయినా మారరు మీరు.”

“అడగలేదు.”

ఆర్డిత్ చేపను మళ్లీ వెల్లకిలా తిప్పింది.

“నా గోడ రూలు తెలుసుగా. గాలం కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరే. మధ్యలో ఇంకొకళ్ల చెయ్యి పడిందా, పేరు లేదు.”

“అన్న చేతుల్లోనే ఉంది. మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. అది వంగింది. నాది వల ఒక్కటే.”

“అరిచి గట్టంతా లేపి ఉంటాడు.”

“అరవలేదు.”

“వెర్లా? వాడు కేకేస్తే ఇక్కడ నా కిటికీ అద్దాలు అదురుతాయి.”

“దారం చుట్టనూ లేదు. చేపే లాక్కుపోయింది. పడవ చుట్టూ తిరిగి తిరిగి, అలిసి, పైకి తేలింది.”

“ఇన్నాళ్లకి ఓపిక నేర్చాడన్నమాట. పోయినసారి కంగారుపడే కదా పోగొట్టుకున్నాడు.”

లామార్ కిటికీలోంచి నీళ్లవైపు చూశాడు.

ఆర్డిత్ లోపల లెక్క వేసుకుంది. కాదంటే పరువు నిలుస్తుంది. అవునంటే పరువు పోతుంది, కానీ వచ్చే వేసవికి బాయిసీ పట్నం నుంచి కార్లు బారులు తీరతాయి.

“టైగరే,” అంది.

లామార్ ముఖంలో ఏమీ కదల్లేదు.

“అదేంటయ్యా, మీ అన్న గెలిచాడంటుంటే?”

“ఆ మాట అన్నకి చెప్పు.”

“నువ్వు చెప్పు పో.”

“నువ్వే రావాలి. అందుకే వచ్చాను.”

“నలుగురినీ పోగేసి అందరి ముందూ చెప్పమంటాడు కాబోలు.”

“ఎవరూ వద్దు. నువ్వొక్కదానివి చాలు.”

నాలుగడుగులు నడిస్తే పోయేదేముందని ఆర్డిత్ కోటు తగిలించుకుంది. ఇద్దరూ చెక్కల రేవు మీదికి దిగారు. పడవ కట్టేసి ఉంది. వెర్ల్ గట్టుకి వీపు పెట్టి కూర్చున్నాడు. టోపీ కిందికి లాగి ఉంది. లామార్ కోటు భుజాల మీద ఉంది. దాని మీద పల్చగా మంచు పట్టింది.

ఆర్డిత్ గొంతు సవరించుకుంది.

“వెర్ల్, అది టైగరే. నువ్వన్నది నిజం. నేను నవ్వింది తప్పు. ఫొటో తీసి పెడతాను, కాస్త పళ్లు కనపడేలా నవ్వు.”

వెర్ల్ తిరగలేదు.

“చలిలో పడి వచ్చి చెప్పానయ్యా. ఇంకేం కావాలి నీకు? మోకాళ్ల మీద పడమంటావా?”

లామార్ వంగి, ఊగుతున్న పడవను చేత్తో పట్టి ఆపాడు.

“చేప తగిలేసరికే అన్న ప్రాణం పోయింది ఆర్డిత్,” అన్నాడు, “కర్ర మాత్రం నేను ముట్టుకోలేదు.”