కెల్డర్‌బీ మొగుడు

పెళ్ళయ్యాక హెస్టర్ మొగుడి ఇంటిపేరు పెట్టుకోలేదు. చచ్చేదాకా పెట్టుకోలేదు. అది తప్పు. ఆ విషయంలో రూబెన్ బ్రాక్స్‌టన్ ఎవరి మాటా వినదలచుకోలేదు.

"చెక్కు," అన్నాడు సమాధిరాళ్ళు చేసే అమోస్‌తో. "హెస్టర్ బ్రాక్స్‌టన్. నేను చెప్పినట్టే."

అమోస్ యార్క్‌షైర్ ఇసుకరాయి పలక మీద ఉలి ఆనించాడో లేదో, డోర్కస్ గేటు తోసుకుని లోపలికొచ్చింది. హెస్టర్ చెల్లెలు. బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టుంది, టోపీ చెవి మీదికి ఒరిగింది.

"ఆగు బావా. అక్క రాయి మీద కెల్డర్‌బీ అనే ఉండాలి. అది దాని పేరు."

"కెల్డర్‌బీ ఆ కొండ మీద మేముండే ఊరి పేరు. గుప్పెడు ఇళ్ళూ ఓ చర్చీ. అది ఆడదాని పేరెట్లా అవుతుంది?"

"మా ఇంటిపేరూ అదే. నీకు తెలీనట్టు."

"ఎందుకు తెలీదు? ఊరు విడిచిపోయినవాడికి ఊరి పేరు అంటుకుంటుంది. మీవాళ్ళు గుమ్మం దాటకుండానే తగిలించుకున్నారు, ఊరంతా మాదే అన్నట్టు." రూబెన్ గొంతు హెచ్చింది. "పబ్బులో అడుగుపెడితే నన్నేమనేవాళ్ళు? 'అదుగో కెల్డర్‌బీ మొగుడొచ్చాడు, ఓ గ్లాసు పొయ్యండి.' ఆ నవ్వులు నువ్వు పడ్డావా?"

"నవ్వితే నవ్వారు. దానికి చచ్చినదాని మీద కక్షా?"

"నా పెళ్ళాం నా పేరు కింద పడుకుంటుంది. పెళ్ళయ్యాక నువ్వు పేరు మార్చుకోలేదూ?"

"అక్క ఉంది కాబట్టి మార్చుకున్నాను." డోర్కస్ గొంతు తగ్గించింది. "ఆ పేరున్నవాళ్ళలో అదే ఆఖరిది. ఆఖరి మనిషి పరాయి పేరు కింద పడుకుంటే ఊరు నిలవదని నాన్న చెప్పి పోయాడు. అందుకే అక్క మార్చుకోలేదు. నువ్వంటే లెక్కలేక కాదు."

"నిలవక ఎక్కడికి పోతుంది? గొర్రెల్ని తోలుకుని కొండ దిగుతుందా?"

"బ్రాక్స్‌టన్ కూడా ఒకప్పుడు ఊరి పేరే అయ్యుంటుంది. ఎక్కడుందో చూపించు ఆ ఊరు."

"లేదు," అన్నాడు రూబెన్. "లేకపోతే నాకేం తక్కువైంది?"

అమోస్ తల గోక్కున్నాడు. "కెల్డర్‌బీలో వాళ్ళ రాళ్ళన్నీ మా నాన్నే చెక్కాడు. అన్నిటి మీదా ఆ పేరే ఉంది. ఓసారి ఆలోచించుకో, రూబెన్."

"ఆలోచించే వచ్చాను. కానివ్వు."

అమోస్ పని మొదలుపెట్టాడు. డోర్కస్ ఓ బండ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. రూబెన్ ఆమెవైపు చూడలేదు. అక్షరాల్లోంచి రాలే పసుప్పచ్చ పొడిని చూస్తూ నిలబడ్డాడు. ఆఖరి అక్షరం అయ్యాక అమోస్ వంగి ఆ పొడి ఊదాడు.

దారం తెగినట్టు డోర్కస్ ఏడుపు టక్కున ఆగింది.

ఆమె చెంపలు తడుముకుంది. వేళ్ళకంటిన తడిని వింతగా చూసుకుంది. లేచి, కోటు దులుపుకుని, రాయి దగ్గరికొచ్చి చదివింది.

"ఎవరండీ ఈ హెస్టర్? మీ ఆవిడా?"

"నాటకాలాడకు, డోర్కస్. మీ అక్క."

ఆమె వెనక్కి జరిగింది. "నా పేరు మీకెలా తెలుసు? నాకు అక్క లేదండీ. మా అమ్మకి నేనొక్కదాన్నే." అమోస్‌కి మాత్రమే వినబడేట్టు, "పాపం, పెద్దాయన మనసు చెదిరినట్టుంది," అని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

అమోస్ రాయిని గోనెపట్టాలో చుట్టాడు. "బండి మీద పంపిస్తానండీ. ఏ ఊరు మీది?"

"అండీ ఏమిటి కొత్తగా? కెల్డర్‌బీ."

"కెల్డర్‌బీనా?" అమోస్ నొసలు ముడిపడింది. "పుట్టినప్పట్నుంచీ ఈ కొండల్లోనే తిరుగుతున్నాను. ఆ పేరుతో ఊరేదీ లేదండీ. పైనంతా గొర్రెల బీడే."

రూబెన్ గేటు దాకా వెళ్ళి కొండవైపు చూశాడు. పైన ఇళ్ళూ లేవు, చర్చీ లేదు; గొర్రెలు మేస్తున్నాయి. అతను తిరిగొచ్చేసరికి అమోస్ పలక మీద చెయ్యి వేసుకుని, జాలిగా, నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ ఆవిణ్ణి ఎక్కడ పాతిపెట్టారండీ?"

రూబెన్ కొండవైపు చెయ్యెత్తి, మళ్ళీ దించేశాడు.