మెయిల్ వస్తేనే ముద్ద

“పోస్ట్‌ఫిక్స్ మళ్ళీ మొదలుపెట్టాను మామయ్యా!”

“ఏమిటీ, పోస్టు ఫిక్సయిందా? ఎవరి పోస్టు?” మామగారు కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డారు.

“పోస్ట్‌ఫిక్స్ అంటే సర్వర్‌లో మెయిళ్ళు మోసే ప్రోగ్రాం.”

“మోసేదా? నన్నడిగితే మోసగించేది!” ఆయన కూలబడ్డారు.

ఉచితంగా దొరికే మెయిల్ అంటే మామగారికి అనుమానం. అందుకని మెట్ల కింద అరలో అల్లుడి చేత ఓ లినక్స్ సర్వర్ పెట్టించుకున్నారు. ఆఫీసు గుమాస్తా మొదలు కాంట్రాక్టరు దాకా ఎవరేం విన్నవించుకున్నా దానికే. ఆ సర్వరే ఆయనకు సర్వం. అలాంటిది, శుక్రవారం నుంచి ఒక్క మెయిల్ లేదు.

మెయిల్ వస్తేగానీ ముద్ద ముట్టనని పొద్దున్నుంచీ పళ్ళెం పక్కకు నెట్టి భీష్మించుకు కూర్చున్నారు. షుగర్ మాత్ర మాత్రం వేసేసుకున్నారు.

“ఆయన చేతులు చూడు బాబూ, వణుకుతున్నాయి,” అత్తగారు అల్లుడి చెవిలో అన్నారు. “నువ్వు ఏదో ఒకటి చేస్తూ ఉండు,” అని వంటింట్లోకి పరుగెత్తారు.

అల్లుడు కీబోర్డు మీద పడ్డాడు.

“పోర్టు మూసుకుపోయింది మామయ్యా. తెరుస్తున్నాను.”

“తెరువు, తెరువు! ఎన్ని ఓడలు ఆగిపోయాయో ఏమో!”

“కాన్ఫిగరేషన్ ఫైల్లో చుక్క ఉండాల్సిన చోట కామా ఉంది.”

“కామా పెడితే ఆఫీసు కోమాలోకి పోదూ మరి!”

“క్యూలో ఏమైనా ఇరుక్కుందేమో...”

“చూడు. నాకోసం ఎప్పుడూ పెద్ద క్యూనే.”

ఆ చివరి మాట తడబడింది. నుదుటి మీద చెమట పట్టింది. అల్లుడు వంటింటి వైపు గొంతెత్తాడు.

“అత్తయ్యా, ఎంతవరకు వచ్చింది?”

“ఒక్క ముక్క బాబూ, అయిపోవచ్చింది!”

“మామయ్యా, ఈలోగా కాస్త పంచదార నీళ్ళు...”

“మెయిల్!” అన్నారు మామగారు, కళ్ళు మూతలు పడుతుంటే.

“డొమైన్ పేరులో కూడా ఓ అక్షరం తప్పింది. ఇదిగో, దిద్దేశాను...”

టింగుమంది.

మామగారు కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకుని చదివారు. “గౌరవనీయులైన సార్, మీరు సీట్లో లేక ఒక్క ఫైలూ కదలడం లేదు. కడుపునిండా భోంచేసి, నిదానంగా సలహా ఇవ్వగలరు.”

“కింద పేరు లేదేం మామయ్యా?”

“పెడతాడా? నేనంటే హడల్!” మామగారు పళ్ళెం ముందుకు లాక్కుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నారు. “చూశావా అల్లుడూ, నీ సర్వర్ పడుకుంటే అక్కడ ఆఫీసే పడుకుంది!”

సర్వర్‌లో మొదటి నుంచీ ఏ తప్పూ లేదు. శుక్రవారం రిటైరైన మనిషికి ఆఫీసులో అందరూ రాయడం మానేస్తే, వంటింట్లో ఫోన్ పట్టుకున్న అత్తగారు ఆ నాలుగు ముక్కలూ టైపు చేసేదాకా అల్లుడు లేని తప్పుల్ని ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాడు.