సముద్రానికి వీపు పెట్టిన చేప

ఒక ఊళ్లో సముద్రం ఒడ్డున ఒక ఇనుప చేప ఉండేది. పాడైపోయిన పడవల లంగర్లూ రేకులూ అతికించి దాన్ని చేశారు. జనం ఫొటోలు దిగితే వెనకాల సముద్రం పడాలని, దాని మొహం రోడ్డువైపు పెట్టి సిమెంటు దిమ్మలో బిగించేశారు.

"ఇదీ ఒక చేపేనా? తుప్పు కుప్ప! పీకి పారెయ్యాలి," అనేది కాకి, దాని తలమీదే కూర్చుని.

"నోర్ముయ్! మన ఊరికి పేరొచ్చిందే దీనివల్ల," అని కుక్క మొరిగేది. ఫొటోలకొచ్చినవాళ్లు పడేసే బజ్జీలు తినే బతికేది మరి.

రోజూ ఇదే గోల. దిమ్మ కింద బొరియలో ఉండే పీత ఒక్కటే చేపను అడిగింది. "అమ్మా, ఇంతకీ నీకేం కావాలి?"

"ఒక్కసారి నన్ను సముద్రంవైపు తిప్పితే చాలు. నా ఒంట్లో ప్రతి ముక్కా ఆ నీళ్లలో తిరిగిందే. ఇప్పుడు దాని హోరు చెవులకు దక్కింది గానీ, కళ్లకు దక్కలేదు."

పీత ఉన్న బలమంతా పెట్టి దిమ్మను తోసింది. అది కదిలితేనా!

చివరికి ఊళ్లోనూ కాకి మాటే నెగ్గింది. మనుషులు వచ్చి చేపను పెకిలించి లారీకెత్తారు. కాకి సంబరంగా అరిచింది. రేపటినుంచి ఎక్కడ వాలాలో దానికింకా తట్టలేదు.

లారీలో చేప మొహం వెనక్కి, సముద్రంవైపు పడింది. కదిలిన లారీ వెంట పీత అడ్డంగా పరుగెడుతూ అడిగింది, "అమ్మా, కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది తల్లీ," అంది చేప. "ఆ డ్రైవరును కాస్త మెల్లగా పొమ్మను."