పెన్సిల్ దెబ్బకు కంచె దాటిన బంతి

ఏమోయ్ రేడియో భక్తుడా, ఇలా వచ్చి కూర్చో. మన కాన్సాస్ కుర్రాళ్ళు పొరుగూళ్ళలో బేస్‌బాల్ ఆడుతుంటే, ఆ ఆటంతా నీ చెవిలో ఊదింది నేనే. మైదానం మొహం చూడకుండా, రేడియో గదిలో ఒక్కణ్ణే కూర్చుని, టెలిగ్రాఫ్‌లో వచ్చిన రెండు ముక్కల ఆట కబురుకు కథ అల్లేవాణ్ణి. చెక్క మీద పెన్సిల్‌తో టక్కున కొడితే మీకది బ్యాటు దెబ్బ.

ఒక రోజు టెలిగ్రాఫ్‌లో, ఆడేవాళ్ళలో మన జట్టు కుర్రాడు డెల్మార్ పేరు రాలేదు. జట్టులోంచి తీసేశారన్నమాట. వాడు అద్దెకుండే ఇంటి ఓర్ఫా అక్కకు వాడంటే ప్రాణం. ఒంటరిది, రోజూ రేడియో వింటుంది. నాకు మనసొప్పక, పెన్సిల్ టక్కుమనిపించి, రేడియోలో వాడి చేత బంతిని మైదానం కంచె దాటించాను.

సాయంత్రం ఏమీ ఎరగనట్టు ఆమె వంటింట్లోకి వెళ్ళాను.

"మీవాడు ఇరగదీశాడక్కా."

"విన్నాంలేరా వెర్న్."

"నువ్వు కాక ఇంకెవరు విన్నారు?"

"వాడే. పొద్దున్నే పొమ్మన్నారట. నువ్వక్కడ వాణ్ణి పరిగెత్తిస్తుంటే, వాడిక్కడ నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. బంతి కంచె దాటాక నవ్వుకుంటూ పెట్టె పట్టుకుని బస్సెక్కాడు."

అక్క నా ముందు పళ్ళెం పెట్టింది.

"రేపు కూడా వాణ్ణి ఆడించరా. ఇల్లు బోసిగా ఉంది."