ఎడమవైపు పెట్టె

దుమ్ము కాస్త పలచబడ్డాక తుంగా కళ్ళు తుడుచుకుని వెనక్కి చూసింది. వరసలో ఐదు ఒంటెలుండాలి. నాలుగే ఉన్నాయి. ఐదో ఒంటె మీద, ఎడమవైపు పెట్టెలో, ఆమె పద్నాలుగు నెలల కూతురు సొలొంగో ఉంది.

నాలుగో ఒంటె వెనకాల తెగిన తాడు ముక్క ఒకటి గాలికి కొట్టుకుంటోంది. తుంగా గుర్రం దిగి, ముందు వెళ్తున్న మొగుడి దగ్గరికి పరుగెత్తి కోటు అంచు పట్టుకుని లాగింది. జోరిగ్ వంగి చూశాడు. అతని కోటు సందులోంచి మూడు మేకపిల్లలు కూడా తలలు బయటపెట్టి చూశాయి.

వాటిని చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. పొద్దున గుడారం విప్పి కొత్త మేతచోటుకి బయల్దేరేటప్పుడు ఎడమ పెట్టెలో పాపను కూర్చోబెట్టి, తూకం నిలవడానికి కుడి పెట్టెలో ఆ మూడింటినీ వేశారు. గాలి లేవగానే అవి వణుకుతున్నాయని ఈయనగారికి జాలి పుట్టింది. తీసి కోటులో దోపుకున్నాడు. కుడి పెట్టె ఖాళీ అయింది.

"మేకపిల్లలకి చలేస్తే గుండెలకి హత్తుకున్నావు," అంది తుంగా. "నా పిల్ల బరువెంతో గుర్తు రాలేదా నీకు?"

జోరిగ్ తెగిన తాడు వంక చూశాడు. పాప వైపు పెట్టె కిందికి జారి ఉంటుంది, ఒంటె బెదిరి తాడు తెంపుకుని ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఒంటెలకు బరువులు కడుతున్న మనిషి చెయ్యవలసిన పని కాదది.

గాలివాలున పోదామన్నాడు. అటు బావి ఉంది, దాహమేసిన ఒంటె నీళ్ళ దగ్గరికే చేరుతుందని అతని లెక్క. అతని తల్లి దుల్మా ఒప్పుకోలేదు. ఆమెకు డెబ్బై దాటాయి. నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలిగానీ, గుర్రం మీద ఉన్నప్పుడు ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు గోబీ ఎడారిలో లేరు. ఆ ఒంటె కిందటి నెల ఈనిందనీ, పుట్టిన పిల్ల దక్కలేదనీ, పిల్ల పోయిన ఒంటె ఆ చోటికే తిరిగి పోతుందనీ చెప్పింది. అంటే పొద్దున వాళ్ళు విడిచి వచ్చిన చోటికి, గాలికి ఎదురుగా పోవాలి.

కళ్ళు పోతాయమ్మా అన్నాడు జోరిగ్.

"ఇప్పటిదాకా కళ్ళుండి ఏం చూశావులే," అని ముసలమ్మ గుర్రాన్ని వెనక్కి తిప్పింది.

తుంగా గుర్రమెక్కి అత్త వెంటే కదిలింది. జోరిగ్ ఒంటెల్ని ఒక ఎండు తుప్పకు కట్టేసి, మేకపిల్లల్ని వాటి మధ్య దించి, ఇద్దర్నీ కలుసుకున్నాడు.

రెండు గంటలు వెతుకుతూ పోయారు. గాలి ఈల వేస్తే పాప ఏడుపనుకుని ఆగారు, రాయి నల్లగా కనబడితే పెట్టె అనుకుని పరుగెత్తారు. ఆ రెండు గంటలూ తుంగా ప్రాణం ఆమె దగ్గర లేదు. చివరికి ఒక ముళ్ళతుప్పకు తోలుపట్టీ చిక్కుకుని కనిపించింది. పాప పెట్టెను బిగించిన పట్టీ అది. పెట్టె ఇంకా ఒంటె మీదే ఉందన్న ఆశ కూడా పోయింది. కింద పడిన పెట్టెను ఇసక గంటలో కప్పేస్తుందని అక్కడ పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పట్టీని ఎవరూ తాకలేదు.

దాని అవతలే చిన్న పల్లం ఉంది. పల్లంలో ఒంటె కూర్చుని ఉంది.

గాలి వచ్చే వైపు దాని ఒంటికి ఇసక మూపురాల దాకా పేరుకుంది. ఇవతలి వైపు నేల తుడిచినట్టుంది. అక్కడే పెట్టె ఉంది. అందులో సొలొంగో, ఎండుపెరుగు ముక్క ఒక చేత్తోనూ, ఒంటె బొచ్చు ఇంకో చేత్తోనూ పట్టుకుని నిద్రపోతోంది. చెంప మీద ఇసక రేణువు లేదు.

ముగ్గురూ పల్లం అంచున ఆగారు. ఆకాశాన్నీ భూమినీ ఒకటి చేసిన గాలి ఆ జంతువు పక్కటెముకల దగ్గర ఆగిపోయింది. ఇలాంటిది కళ్ళారా చూసే యోగ్యత తమకు ఉందా అనిపించింది తుంగాకి.

ఒంటె దిగ్గున లేస్తే పెట్టె నలిగిపోతుందని దుల్మా గుర్రాల్ని వెనకే ఆపించింది. జోరిగ్ అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి పెట్టెను మెల్లగా ఇవతలికి లాగాడు. తుంగా పాపను ఎత్తుకుని ఊపిరి వింది, నుదురు వాసన చూసింది, అప్పుడు ఏడ్చింది.

జోరిగ్ ఒంటె పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. మెడ నిమిరాడు.

"ఒక్క పూటలో ఎంత చిక్కిపోయావే తల్లీ," అన్నాడు. "మూపురాలు కూడా ఇంతే మిగిలాయి. నేను వదిలేసిన బిడ్డని నువ్వు కాశావు."

వెంట తీసుకుపోదామని నడుముకున్న తాడు విప్పి, పెంపుడు ఒంటెల ముక్కులో గుచ్చే పుల్లకి కట్టబోయాడు.

"జోరిగ్," అంది దుల్మా వెనకనుంచి, చాలా చిన్నగా. "చెయ్యి తీసెయ్యి నాయనా. మెల్లగా వెనక్కి రా."

"ఏంటమ్మా? మన ఒంటేగా."

"మన ఒంటె అదుగో."

గుట్ట మీద, పొట్ట కింద ఖాళీ కుడి పెట్టె వేలాడుతూ, వాళ్ళ ఒంటె నిలబడి ఉంది.

జోరిగ్ చేతి కింద ఉన్న ముక్కుకు పుల్ల లేదు, పుల్ల కోసం పొడిచిన చిల్లు కూడా లేదు. మనిషి వాసన సోకితేనే ఆమడ దూరం పారిపోయే అడవి ఒంటె, వాళ్ళు పాపను తీసుకుని వెళ్ళేదాకా లేవకుండా అలాగే కూర్చుంది.