చివరి కుర్చీ ఆవిడ

"మీరు మాత్రం ఎప్పుడూ నోరు విప్పరేం?" అని టైలరమ్మ ఆ ఆదివారం అందరి ముందూ అడిగేసింది.

గుండ్రంగా వేసిన కుర్చీల్లోని తల్లులూ తండ్రులూ తలలు తిప్పి చివరి కుర్చీ వైపు చూశారు.

అది మత్తుకు అలవాటుపడిన పిల్లల కోసం నడిపే ఆరోగ్య కేంద్రం. వారానికోసారి ఇంటివాళ్లని కూడా పిలిచి మాట్లాడిస్తారు. ఎవరి గోడు వాళ్లు వెళ్లబోసుకుంటారు.

టైలరమ్మ కూతురు పదో తరగతి. బడిలో స్పృహ తప్పి పడిపోయేదాకా, పిల్ల మాత్రలు మింగుతోందని తల్లికి తెలియలేదు. చావు తప్పి బయటపడింది గానీ, ఇంటికొచ్చాక ఎవరితోనూ పలకదు. తిండి సయించదు.

తలుపు పక్క చివరి కుర్చీలో కూర్చునే ఆవిడ ఏనాడూ తన సంగతి చెప్పలేదు. అడిగితే, "నేను వినడానికే వచ్చానమ్మా" అనేది.

వినడంతో ఊరుకోలేదు. టైలరమ్మ షాపుకి వెళ్లేవేళకి ఇంటికొచ్చి పిల్ల దగ్గర కూర్చునేది. బతిమాలి నాలుగు ముద్దలు తినిపించేది. సాయంత్రం పార్కు దాకా నడిపించేది.

పిల్ల తేరుకుంది. నవ్వడం కూడా మొదలెట్టింది. కానీ ఆ నవ్వు ఆవిడ వచ్చినప్పుడే.

"ఏం మాట్లాడుకుంటారే మీరిద్దరూ?"

"ఏవో."

"నాతో అనకూడనివా?"

పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

టైలరమ్మకి అది గుండెలో ముల్లయింది. కని పెంచింది తను. మనసు విప్పేది ఎవరితోనో. ఆ ఉక్రోషమే ఆ ఆదివారం బయటపడింది.

"పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అన్నట్టుంది. మేం ఏడుస్తుంటే మీకు కాలక్షేపం. తనదాకా వస్తే గానీ తెలీదులెండి. మీ పిల్లలు బంగారం కాబోలు."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"మీరన్నదాంట్లో తప్పేం లేదమ్మా" అని లేచి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయింది.

మరి కేంద్రానికి రాలేదు. ఇంటికీ రాలేదు.

పిల్ల మళ్లీ కంచం ముందు నుంచి లేచిపోసాగింది. టైలరమ్మకి పంతం దిగిపోయింది. కేంద్రానికెళ్లి నర్సుని పట్టుకుంది.

"ఆవిడ ఇల్లెక్కడో చెప్పండి. కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తా."

"ఇల్లు ఖాళీ చేసేశారమ్మా. ఊరొదిలి పోయారు. ఎక్కడికో మాక్కూడా చెప్పలేదు."

"నేనన్న మాటకేనా?"

"మీరొక్కరే కాదులెండి. ఆ వీధిలో ఆవిడని పలకరించేవాళ్లే లేరు. అయినవాళ్లు కూడా గుమ్మంలోకి రానివ్వడం మానేశారు."

"అంత పాపం ఏం చేసింది?"

"అది నేను చెప్పకూడదమ్మా" అని నర్సు లోపలికి వెళ్లిపోయింది.

టైలరమ్మ ఇంటికొచ్చి కూతురి మంచం మీద కూలబడింది.

"ఆవిడ ఇంక రాదే. చేజేతులా పోగొట్టుకున్నాం. నా నోటి దురుసు."

పిల్ల లేచి కూర్చుని తల్లి చెయ్యి అందుకుంది.

"ఆవిడెవరో నాకు మొదటిరోజే చెప్పిందమ్మా. ఇష్టం లేకపోతే వెళ్లిపోతానంది. నేనే ఉండమన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే గడప తొక్కనిచ్చేదానివా?"

"ఇంతకీ ఎవరే ఆవిడ?"

"నాకు మాత్రలు అమ్మినవాడు ఆవిడ కొడుకేనమ్మా, వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకెళ్లి పోలీసులకి అప్పజెప్పింది కూడా ఆవిడే."