అసలు కాగితం

దొంగ సంతకాన్ని చూడగానే పట్టేస్తామనుకునే గడుసువాళ్లు మీలో ఎంతమందో చేతులెత్తండి. ఎత్తారా? ఇక దించండి. మీకంటే ముందే ప్లీడరు ఉమాపతి ఎత్తి కూర్చున్నాడు, అదీ పాతికేళ్ల అనుభవంతో.

నరసన్నపేటలో ఆయన ఆఫీసుకి ఓ మధ్యాహ్నం సోములు వచ్చాడు. బోరు కోసం తీసుకున్న అప్పు వడ్డీతో సహా కట్టాలనీ, లేకపోతే తాకట్టులో ఉన్న ఎకరం పల్లం పొలం వేలం వేయిస్తామనీ బ్యాంకు దావా వేసింది. సోములుకి ఉన్నదల్లా ఆ ఎకరమే.

సోములు నాలుగో క్లాసుతోనే బడికి దండం పెట్టేసిన మనిషి. ఊళ్లో పేరుమోసిన పరాచికాలవాడు. పెళ్లికొడుకు చెప్పులు గడ్డివాములో దాచాడన్నా, సర్పంచి సైకిలు మేడెక్కించాడన్నా ఆయన పేరే చెప్పేవారు. రెండేళ్ల కిందట భార్య తాయారు పోయాక ఆ నోరు తగ్గింది.

ఉమాపతి దావాతో వచ్చిన జిరాక్సులు ముందు పెట్టాడు. అప్పు పత్రం మీద అంటించిన ఫోటో బొగ్గుముద్దలా వచ్చింది. కింద వంకర టింకర సంతకం. సోములు ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాడు. వేలితో తుడిచి మళ్లీ చూశాడు.

"ఇందులో ఏటీ అగుపడతన్లేదు బాబూ. అసలుది తెప్పించండి."

"సంతకం నీదేనా?"

"అసలుది సూడకుండా ఎలగ సెప్తాను?"

ఉమాపతికి చటుక్కున వెలిగింది. బ్యాంకుకి మూడుసార్లు వెళ్లి, ఒక్కసారి ఫైలు చూపించమని బతిమాలాననీ, మేనేజరు కుదరదన్నాడనీ సోములు చెప్పేసరికి ఆ అనుమానం గట్టిపడింది. ఎవడో దళారీ దొంగ సంతకం పెట్టి డబ్బు మింగేశాడు. బ్యాంకు దాస్తోంది.

అసలు పత్రాలు తెచ్చి చూపించి రుజువు చేసుకోవాలని కౌంటరు వేశాడు. వాటిని కోర్టుకి రప్పించమని పిటిషనూ పెట్టాడు. ఫైలు విశాఖలో ఉందని ఒకసారి, వెతుకుతున్నామని ఒకసారి బ్యాంకు వాయిదాలు అడిగింది. అలా పదకొండు వాయిదాలు. ప్రతిసారీ సోములు బంట్రోతు కంటే ముందొచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఉమాపతి కనపడగానే దొరికిందా అని అడిగేవాడు.

మధ్యలో బ్యాంకే రాజీకి దిగింది. వడ్డీ మొత్తం వదిలేస్తాం, అసలు వాయిదాల మీద కట్టుకో, పల్లం జోలికి రాం అంది. ఉమాపతికి కూడా అది మంచి బేరంలాగే తోచింది.

"రాజీ అయితే ఆ ఫైలు కోర్టుకి వస్తాదా బాబూ?"

అక్కర్లేదన్నాడు ఉమాపతి.

"అయితే నాకొద్దు."

ఇంత నిబ్బరం దొంగ సంతకం కేసులోనే ఉంటుందని ఉమాపతి పొంగిపోయాడు. ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది. పదిహేను రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలు తేవాలి.

ఫైలు కోర్టుకి వచ్చిన రోజు సోములు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుని వచ్చాడు. జేబులో కొత్త కళ్లజోడు. బెంచి క్లర్కు ఫైలు విప్పి అప్పు పత్రం బల్ల మీద పెట్టాడు. సంతకం జాగ్రత్తగా చూడమనీ, తనది కాకపోతే ఆ ఒక్క మాట చాలు, పల్లం దక్కుతుందనీ ఉమాపతి ఆయన చెవిలో చెప్పాడు.

సోములు కళ్లజోడు పెట్టుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు. క్లర్కు రెండుసార్లు దగ్గాడు. ఈ సంతకం నీదేనా అని జడ్జి అడిగాడు.

"నాదేనండి," అన్నాడు సోములు, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

ఉమాపతి సోములుని బయట మెట్ల మీదకి లాక్కొచ్చాడు. రాజీ పోయింది. పల్లం పోయినట్టే. ఆ మాట ఏడాదిన్నర కిందటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని కోపంగా అడిగాడు.

సోములు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"బ్యాంకోళ్లు జంట ఫోటో కావాలన్ననాడు స్టూడియోలో నేనే నవ్వించినాను బాబూ, రేషను, ఆధారు కార్డులన్నింట్లోనూ మొకం ముడుసుకునున్న మా తాయారు నవ్వతన్నది ఆ ఒక్క కాయితం మీదే."